మజ్జిగ మీద తేలిన నూనె

మా అత్తమ్మ నా చేతి మజ్జిగ తాగడం మానేసి రెండు నెలలైంది. తప్పు నాదే. మామయ్య పోయినప్పటి నుంచి ఆవిడ నీచు ముట్టదు. డాక్టర్ రాసిన డి విటమిన్ గోళీ పైతొడుగు జంతువుల ఎముకలతో చేస్తారని ఎవరో చెబితే, ఆ గోళీ కూడా వద్దంది. మోకాళ్ల నొప్పితో గోడ పట్టుకుని నడుస్తుంటే చూడలేక, తెలివి ఎక్కువై, ఒక గోళీ కత్తిరించి ఆవిడ మజ్జిగలో పిండాను. తొడుగు పారేశాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ విటమిన్ నీళ్లలో కరిగే రకం కాదు, పచ్చటి నూనె చుక్కలై పైన తేలింది. అత్తమ్మ గ్లాసును చూసి, నన్ను చూసి, కింద పెట్టేసింది. అప్పటి నుంచి తన గ్లాసు తనే కడుక్కుని, తనే కలుపుకుంటోంది.

నాచారంలో ఒక చిన్న యూనిట్‌ వాళ్లు ఇలాంటి విటమిన్లను శనగపప్పు ప్రోటీన్‌లో ఇమిడ్చి పొడి చేస్తారని మా స్కూల్లో తోటి టీచర్ చెప్పింది. డాక్టర్‌ను అడిగి, ఆయన సరేనన్నాక మొన్న శనివారం బయల్దేరాను. అంబర్‌పేటలో తొమ్మిదింటికి బస్సెక్కితే అరగంటలో ఉప్పల్ రింగు రోడ్డు. అక్కడి నుంచి పారిశ్రామికవాడకు ఆటో అతను నూట యాభై అడిగి వందకు ఒప్పుకున్నాడు. ఎవరికోసమని అడిగితే అత్తమ్మ మందు కోసమన్నాను. “మంచిగ సూసుకుంటున్నరక్కా” అన్నాడు. సిగ్గేసి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

యూనిట్‌లో పొడి కలిపే పని చూసే శారదది జనగామ. పప్పు నుంచి ప్రోటీన్ తీసే గదిని అద్దంలోంచి చూపించింది. “నూనె తనంతట తాను నీళ్లల్ల కలవదక్కా. పప్పు ప్రోటీన్ దాన్ని లోపల పట్టుకొని కలుస్తది” అంటూ చెంచాడు పొడి నీళ్లలో వేసి తిప్పింది. నీళ్లు కాస్త తెల్లబడ్డాయి తప్ప చుక్క నూనె తేలలేదు. లోపలి విటమిన్ కూడా జంతువులది కాదు, మసాలాలో వేసే రాతిపువ్వు లాంటి దాని నుంచి తీసిందట. పుల్లటి మజ్జిగలో మాత్రం అడుగున పేరుకుంటుంది, నీళ్లలోనో పాలలోనో కలపమంది. ప్యాకెట్ మూడువందల యాభై.

పన్నెండున్నరకల్లా ఇల్లు చేరి, అత్తమ్మ ఎదురుగానే గ్లాసు నీళ్లలో కలిపి చూపించాను. నా ముఖం వెలిగిపోతోందని నాకే తెలుస్తోంది. ఆవిడ గ్లాసును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

“ఆ నూనె తేలింది గాబట్టి నాకు తెల్సింది బిడ్డా. గిది పాలల్ల కలిపిస్తే నాకెట్ల తెలుస్తది?”

అంటూనే ఆవిడ ప్యాకెట్ తీసుకెళ్లి తన గ్లాసు పక్కన పెట్టుకుంది. తనే కలుపుకుంటానంది.

ఇప్పుడు రోజూ తాగుతోంది. మోకాళ్లు కుదుటపడతాయేమో. మొదట్లోనే ఆవిడ “వద్దు”ను విని, వేరే దారి వెతికి ఉంటే బాగుండేది. ఆ ఒక్క పూట తొందర నన్ను ఇప్పటికీ తొలుస్తోంది. మీరు వెళ్లేలా ఉంటే శనివారం పొద్దున్నే వెళ్లండి, కలిపి చూపిస్తారు. తాగాల్సిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆటోకు ఇద్దరికైనా అదే వంద.