పిడికిలి బియ్యంతో వేసిన రాతికప్పు

మా ఊరి బడి వార్షికోత్సవ ఆహ్వానంతో పాటు ఈ ఏటి ఖర్చుల పట్టిక కూడా మొన్న తపాలాలో వచ్చింది. కరెంటు బిల్లు, కంప్యూటర్ల మరమ్మతు, ప్రయోగశాల రసాయనాలు అని చదువుకుంటూ సంతోషించాను గానీ, తొలినాటి బడికప్పును ఒక ఉదార దాత వేయించాడని ఆహ్వానంలో రాసి ఉండటంతో, రుజువు చూడనిదే ఏ మాటా నమ్మలేని నా పాత అలవాటు కొద్దీ, ఆ బడికి మొదటి ఉపాధ్యాయుడైన మా నాన్నగారి ఖర్చుల పుస్తకం పెట్టెలోంచి తీశాను. అందులో ఏ దాతా లేడు.

యుద్ధం నడుస్తున్న ఆ నలభైల్లో, నరసరావుపేటకు దూరంగా ఉన్న మా పల్లెలో, చర్చికి వచ్చే ఇళ్లలోని ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికిలి వేరే కుండలో వేసేవారు. ఆదివారం అవన్నీ పోగుచేసి, ప్రార్థన అయ్యాక అమ్మితే వచ్చేదే బడికి ఆదాయం. అది ఏటా తొలకరికి ముందు గడ్డి, తాటాకు, పురికొస, కప్పిన కూలి కింద ఖర్చయ్యేది. మరుసటి ఏడు మళ్లీ అవే నాలుగు పద్దులు. పక్కా కప్పు ఉంటే తప్ప ఆరో తరగతికి అనుమతి రాదని ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్లాడు. నేను అప్పుడు ఐదులో ఉన్నాను; ఆడపిల్లను పేటకు పంపి చదివించే ఆనవాయితీ మా ఇళ్లలో లేదు కనుక, కప్పు పడకపోతే నా చదువు అక్కడితో సరి.

ఆ ఏడు గడ్డి కప్పడం మానేసి, వానాకాలమంతా చర్చిలోనే బడి నడిపి, మిగిలిన దానితో మాచర్ల వైపు నుంచి నాపరాళ్లు తెప్పిద్దామని నాన్నగారు పెద్దలకు చెప్పారు. చర్చి అంతా బురదవుతుందని వాళ్లు సందేహిస్తుంటే, మా నాయనమ్మ లేచి ఆ మాట తెగ్గొట్టింది.

"గడ్డి ఏటా మురిగిపోయిద్ది, రాయి ఏడికి పోయిద్దిరా? ఇంకో పిడికిలి తీస్తాం. బురద మేమే కడుగుతాం."

ఆనాటి నుంచి పూటకు రెండు పిడికిళ్లు. పిడికిలి తీసిన కుండకు లోటు రాదని నాయనమ్మ అంటే, నేను సోల పట్టుకుని కొలిచి చూశాను, తీసినంతా తగ్గింది. ఆ సంగతి చెబితే ఆమె నవ్వింది.

"ఏమే, కుండ కొలిచావు సరే. నీ కంచంలో ఏమన్నా తగ్గిందా?"

తగ్గలేదు, నాన్నగారి కంచంలోనూ తగ్గలేదు. మరి ఆ తగ్గినది ఎటు పోతున్నదో తేలక, కొన్నాళ్లు వంటింటి గుమ్మం దగ్గర కాపలా కాశాను. అందరి తరువాత తినే అమ్మ, నాయనమ్మల ముందున్న కంచాల్లో మెతుకుల కన్నా గంజే ఎక్కువగా ఉండటం కనబడింది. నాకు ఆకలి లేదని నా అన్నంలో సగం మిగిల్చితే, నాయనమ్మ దాన్ని తిరిగి నా కంచంలోనే పెట్టింది.

రాళ్లు పన్నెండు బండ్ల మీద వచ్చాయని నా జ్ఞాపకం, ఏడేనని పుస్తకం. పుస్తకాన్నే నమ్ముతాను. కప్పు పడింది, అనుమతి వచ్చింది, నేను ఆరో తరగతిలో కూర్చున్నాను. ఆ మరుసటి ఏటి పేజీలో గడ్డి లేదు, తాటాకు లేదు. వాటి చోట ఒక దేశపటం, ఒక గోళం, ఒక చిన్న త్రాసు ఉన్నాయి. తరువాత నేను జీవితమంతా పిల్లలకు చెప్పిన రసాయనశాస్త్రం ఆ త్రాసు దగ్గరే మొదలయింది.

దాత సంగతి సరిదిద్దమని ఆ పేజీల నకలు జతచేసి బడికి ఉత్తరం రాశాను. ఇప్పటి పట్టికలో జమ వైపు ఫీజులూ గ్రాంటూ ఉన్నాయి. వాటి వెనుక ఎవరి కంచమూ తగ్గలేదనే అనుకుంటున్నాను, అయితే పట్టిక చూసి అది తేల్చడం కుదరదు. నాన్నగారి పుస్తకంలోనూ ఆ పద్దు లేదు కదా. ఇప్పటికీ వంటకు బియ్యం కొలిచేటప్పుడు నా చెయ్యి ఒక పిడికిలి పక్కకు తీస్తుంది. వెయ్యడానికి ఆ కుండ లేదు కనుక, కాసేపు పట్టుకుని, తిరిగి పోసేస్తాను.