టాంజానియా బుగ్గల మీద దిష్టిబొట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. నిజానికి తెలిసింది ఏమీ లేదని తర్వాత తేలింది. కొత్తగా పెళ్లయి, మాచర్ల నుంచి తిన్నగా టాంజానియాలో దిగాను. అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో మా ఆయనకు ఉద్యోగం. ఆయన మిల్లుకు పోతే గోడలతో మాట్లాడలేక, పక్క పల్లెలోని చిన్న ఆస్పత్రిలో ఊరికే సాయం చేస్తానని చేరాను. అక్కడి హెడ్ నర్సును ‘పెద్దమ్మా’ అని పిలిచేదాన్ని (ఆమెకు ఆ మాట అర్థమయ్యేది కాదు గానీ పలికేది). ఆమె స్వాహిలీలో ఏమన్నా నా చెవికి నకరికల్లులోని మా మేనత్త మాటల్లాగే వినిపించేది కాబట్టి అలాగే రాస్తున్నాను. పిల్లల్ని తూకం వేసే పని నాకప్పగించి, “ఇది గూడా చెడగొట్టావంటే ఇంక రామాకు” అంది.

పోలియో చుక్కలు వేసే రోజు వచ్చింది. వరండాలో నా తూకం, లోపలి గదిలో ఆమె మందు. వరండా నిండా పిల్లలు! ఆ బూరెబుగ్గలేమిటి, ఆ ఉంగరాల జుట్టేమిటి! ఇంతమంది కళ్లు పడితే దిష్టి తగలదూ? నా ప్రాణం ఉండబట్టలేదు. సంచిలోంచి కాటుక భరిణె తీసి, తూచిన ప్రతి బిడ్డకీ బుగ్గన ఇంత బొట్టు పెట్టి పంపాను. తల్లులు మర్యాదగా తలలూపి వెళ్లిపోయారు. నిజంగానే వెళ్లిపోయారు, ఇళ్లకి!

అక్కడ మందు వేసిన బిడ్డకు చిటికెన వేలి మీద నల్ల సిరా గుర్తు పెడతారు. ఈసారి మందు నోట్లో వేయకుండా బుగ్గకే రాస్తున్నారు కాబోలు అనుకున్నారట ఆ తల్లులు. లోపల ఐసు డబ్బా ముందు కూర్చుని కూర్చుని విసిగి పెద్దమ్మ బయటికొచ్చింది. “ఏందే ఇది? మందంతా అట్టనే ఉంది, పిల్లలేరి?” సంగతి తెలిసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా కాటుక పుణ్యమా అని ఒక్క పసివాడు మందు లేకుండా మిగిలిపోయినా ఎలా? ఫోన్ చేస్తే మా ఆయన మిల్లు జీపు తెచ్చి, “ఏమే, బొట్లు పెట్టమని నిన్నెవరడిగారే?” అంటూ దారంతా సణిగారు. దిష్టి అంటే ఏమిటో పెద్దమ్మకు సగం మాటలతో, సగం చేతులతో చెప్పుకున్నాను. ఆమె ఐసు డబ్బాను ఒళ్లోకి లాక్కుని దారి చూపించింది.

గడప గడపకీ తిరిగాం. “వేయించాంగా, ఇదిగో!” అని ప్రతి తల్లీ బిడ్డ బుగ్గ చూపించేది. మందు చెరిగిపోతుందని ఒక్కరూ మొహం కడగలేదు! ఆ బొట్ల ఆనవాలు పట్టుకునే, ఎవరూ తప్పిపోకుండా అందరికీ చుక్కలు వేసింది పెద్దమ్మ, నా వైపు చూడకుండా.

చివరి ఇంట్లోకి వెళ్లి ఒక పసివాణ్ణి ఎత్తుకొచ్చింది. ఇంక రావద్దనే మాట కోసం తల వంచుకుని నిలబడ్డాను. “వీడు నా మనవడు. మందు పొద్దున్నే వేశా” అంటూ వాణ్ణి నా చేతుల్లో పెట్టింది. “ఈ ఊరి కళ్లు చానా చెడ్డయ్యి. నీ కాటుకేందో వీడికి కాస్త పెద్దగా పెట్టు.”

ఇప్పుడు నరసరావుపేటలో ఎవరి పసిబిడ్డను ఎత్తుకున్నా, ముందు తల్లి మొహం చూసి, పెట్టనా అని అడుగుతాను. అడగనైనా అడక్కుండా ఊరు ఊరంతటికీ కాటుక దిద్దేసిన ఆ కొత్త పెళ్లికూతురంటేనే నాకిప్పటికీ ముద్దు.