ఆమెన్ తరవాత తిరిగిన మిల్లు

2021 వేసవి. ఆకివీడు దగ్గర చేపల మేత తయారుచేసే మిల్లు యజమాని, తాడేపల్లిగూడెంలో మోటార్ల షెడ్డు నడిపే నాకు ఫోన్ చేసి, పల్వరైజర్ ఒకసారి చూసి వెళ్లమన్నారు. పల్వరైజర్ అంటే వేరుశనగ చెక్కను సుత్తులతో పొడిచేసే యంత్రం. పదిరోజుల కిందటే దానికి కొత్త బేరింగులు వేసి వచ్చాను. నా పనితనం మీద నాకు కాస్త గర్వం ఎక్కువే.

నేను వెళ్లేసరికి రాహేలమ్మ గారు గోడవారగా నిలబడి ఉన్నారు. పన్నెండేళ్లుగా, పదిహేను రోజులకోసారి పల్వరైజర్ జల్లెడ శుభ్రం చేసేది ఆవిడే. ముందురోజు స్విచ్ ఆపి, తలుపు తీసి చీపురు పెడితే, చీపురు తునకలైపోయింది. చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది.

"మిల్లు ఆగకుండానే తలుపు తీసిందండి. రేపట్నుంచి మానిపించేస్తున్నాను. ఎమర్జెన్సీ స్టాప్ బాగానే ఉందని మీరొక మాట చెబితే చాలండి," అన్నారు యజమాని.

మిల్లు నడిపించి, ఆ ఎర్ర బటన్ నొక్కాను. మోటారుకి కరెంటు వెంటనే ఆగిపోయింది. ఆ మాటే చెప్పి బయల్దేరబోతూ, ఎందుకో ఆవిణ్ణి అడిగాను.

"ఆగిందని మీకెలా తెలుస్తుందమ్మా?"

"తలుపేసుంటే కనపడదు కదండీ. పక్క మిషన్ల మోతలో వినపడదు. బటన్ నొక్కి పరలోక ప్రార్థన చెప్పుకుంటానండి. ఆమెన్ అనేసరికి ఎప్పుడూ ఆగిపోయేదండి. నిన్న కూడా పూర్తిగానే చెప్పానండి."

యజమాని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మళ్లీ నడిపించి, ఆపి, ప్రార్థన చెప్పమన్నాను. ఆమెన్ అయింది. వెనక బెల్టు గార్డు సందులోంచి చూస్తే, సుత్తుల్ని తిప్పే పుల్లీ ఇంకా తిరుగుతోంది. రెండో ఆమెన్ కూడా అయింది. మూడో ప్రార్థన మధ్యలో గానీ ఆగలేదు.

సిగ్గుతో తల వాలిపోయింది. తుప్పుపట్టిన పాత బేరింగులే ఇన్నేళ్లూ బ్రేకులా పట్టి ఉంచాయి. నేను వేసినవి నున్నగా తిరుగుతున్నాయి. ఎర్ర బటన్ కరెంటును ఆపుతుంది గానీ, అప్పటికే ఉన్న వేగాన్ని ఆపదు.

"తప్పు ఆవిడది కాదండి, నాది. ఆగడానికి ఎంతసేపు పడుతోందో చూడకుండా వెళ్లిపోయాను."

"అయితే ఏం చేద్దామండి?" అన్నారు యజమాని.

డీసీ బ్రేకింగ్ పెట్టాం. స్విచ్ ఆపగానే మోటారులోకి కాసేపు డీసీ కరెంటు పంపి తిరుగుడు ఆపే పద్ధతి అది. ఊళ్లో కరెంటు పోతే ఆ బ్రేకు పనిచేయదు. అందుకని తలుపుకి ఇంటర్‌లాక్ కూడా బిగించాం. షాఫ్టు పూర్తిగా ఆగేదాకా ఆ తాళం వదలదు. రాహేలమ్మ గారి పని ఆవిడకే ఉంది.

అప్పట్నుంచి ఏ యంత్రం బాగుచేసినా, ఆగిందని ఎలా తెలుసుకుంటారని దాని దగ్గర పనిచేసేవాళ్లను ముందు అడుగుతాను.

కొన్నాళ్లకు అటు వెళ్లాను. తాళం వదిలినా ఆవిడ తలుపు ముందు అలాగే నిలబడ్డారు.

"వదిలింది కదమ్మా?"

"వదిలిందండి. మళ్లీ బాగుచేసింది మీరే కదండీ. ఆమెన్ దాకా చూస్తాను."