మార్జిన్‌గారి లేటెక్

నీటి పరీక్షల ఆఫీసులో అతన్ని అందరూ మార్జిన్ అనేవారు, ఎదురుపడితే గారు తగిలించి. ఎవరి రిపోర్టు చేతికొచ్చినా ముందు అంచుల్లో ఖాళీ చూసి మూతి విరిచేవాడు. అందులో ఏముందన్నది తర్వాతి సంగతి. శీర్షికని మధ్యకి తేవడానికి స్పేస్‌బార్ టకటకా కొట్టేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. ఆ కొట్టేవాళ్లలో సొంత అక్క ఒకతె. ఆఫీసు టైపిస్టు ఆవిడే.

రిపోర్టులన్నీ ఒకే తీరున ఉండాలని మేనేజరమ్మ మీటింగు పెట్టింది. కంప్యూటర్లో టైపింగుకి వర్డ్ ఉంచాలా, లేటెక్‌కి మారాలా? లేటెక్ అంటే మార్జిన్‌కి ప్రాణం. ఆదేశాలు రాసిస్తే పేజీలూ పట్టికల నంబర్లూ అదే సర్దిపెడుతుంది. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అక్క చేసిన రిపోర్టుని తెర మీద వేసి, ఒక్కొక్క వంకరా ఎత్తి చూపించి, "ఇది రిపోర్టా, కోళ్లు కెలికిన పెంటా?" అన్నాడు. అందరూ నవ్వారు. పట్టిక చదవడం కూడా సరిగ్గా రాని మేనేజరమ్మ, మార్జిన్ పేజీల మెరుపు చూసి లేటెక్‌కే తలూపింది.

మర్నాటి నుంచి అక్క అతన్ని "మీరు" అనడం మొదలెట్టింది. చిన్నప్పుడు ముక్కు తుడిచిన మనిషి, ఫైలు అందిస్తూ "తీసుకోండి" అనేది. అలకేలే, తగ్గుతుందనుకున్నాడు.

ఇక ఆఫీసంతా అతని కుర్చీ చుట్టూ మూగింది. ఆదేశంలో ఒక్క బ్రాకెట్ మూయడం మరిచినా పేజీ పుట్టదు. తప్పెక్కడో చెప్పే ఎర్ర అక్షరాలు ఎవరికీ అర్థం కావు. నేర్పమంటే విసుక్కునేవాడు. ఇన్నాళ్లూ వాళ్లని గాడిదలన్నాడు, ఇప్పుడు వాళ్ల మూటలన్నీ తనే మోశాడు.

అతను జ్వరంతో మంచమెక్కిన వారంలోనే పై ఆఫీసు బావుల రిపోర్టు అడిగింది. ఎవరు ప్రయత్నించినా ఎర్ర అక్షరాలే. చివరికి అక్క మొత్తం వర్డ్‌లో మళ్లీ కొట్టి పంపేసింది.

కోలుకుని వచ్చి చూశాడు. రెండు పట్టికలకి ఒకే నంబరు. అంచులు ఏడ్చినట్టున్నాయి. ఈ చెత్త మీద సంతకం ఎవరు పెట్టారని అడిగాడు. మేనేజరమ్మ పెట్టిందనీ, పైవాళ్లు బాగుందన్నారనీ చెప్పింది అక్క. రిపోర్టు కంటే ఆ పైవాళ్ల మీద ఎక్కువ అసహ్యం వేసింది అతనికి.

"మీ పేజీలు అందంగానే ఉంటాయండి," అందావిడ. "మీరు రాని రోజు పుట్టవు, అంతే."



మేనేజరమ్మ ఏ మీటింగూ పెట్టకుండానే వర్డ్‌కి తిరిగొచ్చేసింది, లేటెక్ పేరే ఎప్పుడూ విననట్టు. ఆ ఆదివారం మార్జిన్ అక్క ఇంటికి వెళ్లాడు, తప్పయిందని చెబుదామని. తీరా నోరు తెరిస్తే, రెండు పట్టికలకి ఒకే నంబరు ఎలా వేశావన్న మాటే వచ్చింది. బావ టీవీ సౌండు పెంచాడు. మార్జిన్ కాసేపు కూర్చుని లేచొచ్చేశాడు.