సర్వరుకు వేసిన బంతిపూల దండ

దసరా నాడు మా ఆఫీసులో స్క్రూడ్రైవర్‌కు కూడా బొట్టు పెడతారు. పద్మారావు నగర్‌లో రెండు గదుల కంపెనీ మాది. మటన్ దుకాణాలకు ఆన్‌లైన్‌లో ఆర్డర్లు తీసుకుని అందిస్తాం. లోపలి గదిలో మూడు సర్వర్లు. ఆ ఏడు ఆయుధపూజ మా సార్ స్వయంగా చేశారు. చిన్నవాటికి మూరెడు పూలు. కొత్తగా కొన్న పెద్దదానికి మాత్రం లారీ ముందు కట్టేంత బంతిపూల దండ. గాలి పీల్చుకునే జాలీ మొత్తం మూసుకుపోయింది. నేను భక్తిగా హారతి కళ్లకద్దుకుని బయటికొచ్చా.

కాసేపటికి మౌలాలి నుంచి ఫోన్. అక్కడి మటన్ దుకాణం భాయ్ మా మాట నమ్మి పండక్కి రెట్టింపు మటన్ కోయించి పెట్టుకున్నాడు. నాకూ ఒక కిలో పక్కన పెడతానని మాటిచ్చాడు.

“సార్, జెర చూడున్రి. అర్ధగంట నుంచి ఒక్క ఆర్డర్ వస్తలేదు. మధ్యాహ్నం దాటితే ఈ మాల్ ఎవడు కొంటడు?”

చూస్తే ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, వచ్చినవి వచ్చినట్టే చస్తున్నాయి. పని పంచడానికి మేం పెట్టుకున్న లోడ్ బ్యాలెన్సర్‌కు ఒకటే రూలు: ఎవరి చేతిలో పని తక్కువుంటే తర్వాతి ఆర్డరు వాళ్లకు. పెద్ద సర్వరు డిస్కు వేడికి మొరాయించింది. దాంతో ఏ ఆర్డరు వచ్చినా అది వెంటనే ‘కాదు, పో’ అంటోంది. పని చేయదు కాబట్టి చేతులు ఎప్పుడూ ఖాళీ. ఖాళీ కాబట్టి మళ్లీ దానికే. ‘బతికే ఉన్నావా’ అని బ్యాలెన్సర్ అడిగితే మాత్రం ఠక్కున ‘ఉన్నా’ అంటుంది. స్టేషన్లో క్యూ లేని కౌంటరు చూసి పరుగెత్తి తిట్లు తినొచ్చే నాకు ఇదేం కొత్త కాదు.

దాన్ని పక్కన పెడదామంటే పండగ రద్దీ చిన్నవాటి వల్ల కాదు. వెళ్లి దండ మీద చెయ్యేశా.

“ఏందయ్యా, పూజ జేసిన దండ పొద్దుగూకక ముందే తీస్తవా? అరిష్టం!” అని సార్ అడ్డమొచ్చారు.

“సార్, దానికి ఊపిరాడతలేదు. ఆడ భాయ్ మటన్ ఖరాబైతది.”

“తీసిన దండ కింద పెట్టొద్దు మరి!”

నాకు తిక్కరేగింది. దండ తీసి ఆయన మెడలోనే వేశా. సార్ గోడ మీద దండతో ఉన్న వాళ్ల నాన్నగారి ఫొటో వైపు ఒకసారి చూసి, కుర్చీలో కూలబడ్డారు. పెద్ద సర్వరును ఆపి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, చల్లబడ్డాక మళ్లీ ఆన్ చేశా. ఆర్డర్లు పారడం మొదలైంది.

మధ్యాహ్నం భాయ్ ఫోన్. “సార్, మొత్తం ఖలాస్! ఇగ ఆర్డర్లు బంద్ చేయున్రి.”

నిజంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “మరి నా కిలో, భాయ్?”

“అది సుత పోయింది సార్. ఆర్డర్లు ఆగితే గద!”

ఇంట్లో అమ్మ పొద్దుటి నుంచి మసాలా నూరి పెట్టుకుని కూర్చుంది. నన్ను, నా ఉత్త చేతుల్ని ఎగాదిగా చూసి, అందులో ఆలుగడ్డలు వేసింది.