బోర్లా పెట్టిన మిరపాకు

ఆ రోజు నేను మిరపాకుని బోర్లా పెట్టాను. అంతవరకైతే ఎవరైనా చేసే పొరపాటే. ఆ పైన నేను మాట్లాడిన మాటలే తప్పు.

మా బడికి డిజిటల్ మైక్రోస్కోపులు వచ్చి అప్పటికి నాలుగో రోజు. మొత్తం ఎనిమిది, ఒక్కోటీ అరచేతిలో ఇమిడేంత. దాని కింద ఏం పెట్టినా వైఫై మీదుగా పక్కనున్న ట్యాబులో కనిపిస్తుంది. నా బల్లతో కలిపి ఎనిమిది బల్లల మీది బొమ్మలూ నా ట్యాబులో ఎనిమిది గళ్లలో వస్తాయి. ఏ గడిని తాకితే అది గోడ మీది పెద్ద తెరకెక్కుతుంది. అంతకు ముందు ఇరవై రెండేళ్లుగా ఒకే ఒక్క మైక్రోస్కోపు ముందు యాభై మందిని వరుసలో నిలబెట్టి, "కనపడిందా? ఊఁ, జరుగు" అంటూ వచ్చినవాణ్ణి. కనపడకపోయినా కనపడిందనేవాళ్లు పిల్లలు. నేనూ నమ్మినట్టే ఉండేవాణ్ణి.

ఇప్పుడలా కాదు. మొదటిరోజు పత్తి పోగు పెడితే, మెలికలు తిరిగిన రిబ్బనులా తెర నిండా పరుచుకుంది. రెండోరోజు ఎవరో ఇంటి నుంచి కారం పొట్లం తెచ్చారు. ఒక్కో రేణువూ ఎర్ర గాజుముక్కలా మెరుస్తుంటే క్లాసంతా బల్లలెక్కింది. నేనూ వాళ్లతో సమానంగా అరిచాను. నా ట్యాబులో ఇంకో మీట ఉంది. దాన్ని నొక్కితే పిల్లల ట్యాబుల్లో వాళ్ల బొమ్మలు పోయి, నేను చూపించేదే అన్నిటిలోనూ వస్తుంది. నాలుగు రోజుల్లో నా వేలికి బాగా అలవాటైంది ఆ మీటే.

నాలుగోరోజు పొద్దున తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ప్లాస్టిక్ కవర్లో మిరపాకులూ, టిఫిన్ డబ్బాలో పూలూ తెచ్చింది.

"మా నాన్న పంపించాడు సార్. తోటంతా ముడుచుకుపోతోంది. నల్లో, తామర పురుగో మీ మిషన్లో చూసి చెప్పమన్నాడు. సాయంత్రం మందు కొడతాడంట."

మూడెకరాల కౌలు చేను వాళ్లది. అప్పుడే పూతకొచ్చింది. పూత పోతే ఇక కాయ ఉండదు. ఆకు అంచులు కిందికి ముడుచుకుంటే నల్లి, పైకి లేస్తే తామర పురుగు. రెండూ కంటికి ఆననంత చిన్న పురుగులే, కానీ ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయదు. ఇదంతా నాకు పుస్తకాల్లోంచి తెలుసు. మాది సింగరాయకొండ, నాన్న అర్చకుడు. మిరప చేలో దిగి ఆకు తిప్పి చూసిన పాపాన నేనెప్పుడూ పోలేదు. ఆ సంగతి ఈ రైతుల పిల్లలకి తెలియకూడదని నా తాపత్రయం.

ఆఖరి పీరియడ్‌లో వాళ్ల క్లాసుకి ఒక ఆకు తీసి నా మైక్రోస్కోపు కింద పెట్టాను. పచ్చటి కొండల వరుసలా తెర మీద పడింది. "అబ్బో!" అన్నారు అందరూ. ఇంతలో ఆరో బల్ల దగ్గర ఆ అమ్మాయి లేచింది.

"సార్, మా పువ్వులో ఏదో పాకుతోంది! నల్లగా ఉంది. మాది వేయండి సార్!"

"ఇప్పుడు ఆకు చూస్తున్నాం కదా."

"రెండున్నాయి సార్!" బల్లంతా లేచి నిలబడింది.

నేను మీట నొక్కేశాను. వాళ్ల ట్యాబులోని పువ్వు పోయి నా ఆకు వచ్చింది. "అంచులు ఎటున్నాయి? కిందికి. అంటే నల్లి. రాసుకోండి."

ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఆకు బోర్లా ఉందేమో సార్."

"ఆకు ఎటు పెట్టాలో నువ్వు నేర్పుతావా నాకు? కూర్చో!"

వెనక బల్ల నుంచి ఎవరో అందుకున్నారు. "ఏమే, రేపట్నుంచి నువ్వే చెప్పవే పాఠం!" క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆఖరి గంట కొట్టి పిల్లలంతా వెళ్లిపోయాక అన్నీ ఆపుదామని మీట వదిలాను. నా ట్యాబులో ఎనిమిది గళ్లూ మళ్లీ వెలిగాయి. ఆరో గడిలో పువ్వు అలాగే ఉంది. పుప్పొడి మధ్యలో వెంట్రుక ముక్కల్లాంటి నల్లటి పురుగులు రెండు, ఒకదాని వెనక ఒకటి పరుగెడుతున్నాయి. ఖాళీ గదిలో "అదిగో!" అని అరిచాను. ఆ తర్వాత నా ఆకు వైపు చూశాను. ఈనెలన్నీ ఉబ్బి పైకి కనిపిస్తున్నాయి. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది ఆకు అడుగున. తిప్పి పెట్టాను. అంచులు పైకి లేచి, ఆకు దోనెలా నిలబడింది.

రిజిస్టరులో నంబరు చూసి తండ్రికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మైక్రోస్కోపు జేబులో వేసుకుని బండి దగ్గరికి పరుగెత్తాను. "సంతకం పెట్టి తీసుకెళ్లండి మాస్టారూ!" అని హెడ్మిస్ట్రెస్ గారు వరండాలోంచి కేకేస్తున్నారు.

నేను వెళ్లేసరికి గట్టు మీద డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. తండ్రి మందు సీసా మూత తిప్పుతున్నాడు. అమ్మాయి బిందెతో నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"రండి మాస్టారూ! నల్లేనంటగా?"

"కాదండీ. ఆగండి. నేను తప్పు చెప్పాను. ఆకు బోర్లా పెట్టాను. మీ అమ్మాయి అప్పుడే చెప్పింది, నేనే కసిరి కూర్చోబెట్టాను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఆ మాట నాకు చెప్పలేదేమే?"

"సార్ చెప్పాక ఇంకేం చెప్పను నాన్నా?"

ఏ తిట్టూ నన్ను అంత గట్టిగా తాకేది కాదు. మైక్రోస్కోపు ఆమె చేతికిచ్చి నా ఫోన్ కలిపాను. ఆమె ఒక పూవు తుంచి, చున్నీ నీడన పెట్టి, కాసేపు అటూ ఇటూ కదిపింది. ఫోన్లో పురుగు ప్రత్యక్షమైంది.

"ఓర్నీ! బర్రె అంత ఉందే!" అన్నాడు తండ్రి. కలుపు తీస్తున్న ఆడవాళ్లు వచ్చి చుట్టూ మూగారు. "ఏదీ, నన్ను చూడనీ అన్నా. ఇదా మన తోటని తినేది?" అమ్మాయి సాళ్ల మధ్య పరుగెడుతూ, "నాన్నా, ఇందులో ఐదు!" అని కేకలు పెడుతోంది. వెనకే ఫోన్ పట్టుకుని నేను. మట్టిలో చెప్పు ఊడిపోయినా ఆగలేదు.

"మరి ఏం కొట్టమంటారు మాస్టారూ?"

పొద్దున్నైతే ఏదో ఒక పేరు చెప్పి ఉండేవాణ్ణి. "నాకు తెలియదండీ" అన్నాను. ఆ వీడియో ఊరి వ్యవసాయ సహాయకురాలికి పంపాం. వెంటనే ఫోన్ చేసింది. ఆ మందు తామర పురుగుకి పనిచేయదని, రేపు పొద్దున్నే వచ్చి చూస్తానని, ఈలోగా పురుగులు అంటుకునే నీలిరంగు జిగురు అట్టలు కట్టమని చెప్పింది. ఆయన సీసా మూత మళ్లీ బిగించాడు. ఆ తోట మొత్తం దక్కలేదు. కొంత పూత రాలింది, మిగిలింది కాసింది.

మర్నాడు క్లాసులో అదే ఆకుని ముందు బోర్లా, తర్వాత సరిగ్గా పెట్టి చూపించాను. "నిన్న నేను తప్పు చెప్పాను. మీ స్నేహితురాలు చెబితే వినలేదు, పైగా నవ్వాను. క్షమించమ్మా" అన్నాను. తర్వాత నా ట్యాబు ఆమెకిచ్చి, ఆ గంటంతా ఏ గడి తెర మీదికి రావాలో ఆమెనే చూడమన్నాను.

వాళ్లు పూలల్లో పురుగులు వెతుకుతూ అరుస్తుంటే, నేను ఎర్ర పెన్ను పట్టుకుని బల్లబల్లకీ వెళ్లాను. నిన్న నేను రాయించిన "నల్లి"ని ప్రతి నోటుపుస్తకంలోనూ నా చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. ఆమె పుస్తకంలోనూ ఆ మాటే ఉంది, గుండ్రటి అక్షరాలతో. దాన్ని కొట్టేసి, ఇక్కడేం రాయాలో చెప్పమని ఆమెనే అడిగాను. ఆమె చెప్పింది. నేను రాసుకున్నాను.