కాటా గదిలో మదర్‌బోర్డు, గుమ్మానికి నిమ్మకాయ

నా సర్వీసులో చివరి పోస్టింగు రాజమహేంద్రవరం. రిటైరవడానికి మూడేళ్ల ముందు, దీపావళి వెళ్లిన వారంలో, ఖరీఫ్ కోతలు అప్పుడే మొదలవుతుండగా చేరాను. ధాన్యం కొని నిల్వచేసే ఒక సహకార సమాఖ్యలో మెయింటెనెన్స్ ఇంజనీరు హోదా. గోదాముల్లోని కాటాలు, కంప్యూటర్లు, జనరేటర్లు, తేమ కొలిచే యంత్రాలు నా పరిధి. అవి పనిచేస్తున్నంత కాలం నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఆగిన మరుక్షణం నా ఫోన్ నంబరు అందరికీ కంఠతా వచ్చేస్తుంది. నా పైన ఇద్దరు అధికారులు, కింద ఎవరూ లేరు.

ఆదివారాలు వేరే పని ఉండేది. ఊళ్లో హేతువాద మిత్రులం కొందరం ఒకచోట చేరి చర్చలు పెట్టేవాళ్లం. జాతకం, వాస్తు, దిష్టి అనే ఈ మూడింటి మీద ఎవరు ఎప్పుడు అడిగినా గంటసేపు మాట్లాడగలను. అడగకపోయినా మాట్లాడతానని మా ఇంట్లోవాళ్ల ఫిర్యాదు.

చేరిన వారంలోనే ధవళేశ్వరం అవతల కాలువ గట్టు మీదున్న గోదాము నుంచి మేనేజరు సుబ్బరాజు గారు ఫోన్ చేశారు. లారీ కాటా కంప్యూటరు ఆన్ కావడం లేదన్నారు. లారీ కాటా అంటే వాహనాన్ని సరుకుతో సహా తూచే ఇనుప వేదిక. దాని కింద బరువును పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. ఆ అంకె పక్క గదిలోని కంప్యూటరుకు చేరుతుంది, కంప్యూటరు తూకం చీటీ అచ్చువేస్తుంది. చీటీ లేనిదే ధాన్యం కొన్నట్టు కాదు. సోమవారం ఉదయానికి కాటా లేవకపోతే తూకాలన్నీ ప్రైవేటు కాటాకు మళ్లించమని హెడ్డాఫీసు చెప్పేసింది. అలా మళ్లించిన గోదాముల్లో కాటా ఆపరేటరు పోస్టు మళ్లీ ఎక్కడా తిరిగి రాలేదు.

ఇక్కడి ఆపరేటరు వీరవేణి గారు. నేను శనివారం వెళ్లేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"దీన్ని బతికించండి సార్. లేకపోతే నన్ను జంగారెడ్డిగూడెం వేసేస్తారండి. అమ్మాయికి పదో తరగతి, మా అత్తగారు మంచంమీద ఉన్నారు."

యంత్రానికి ప్రాణం ఉండదనీ, కాబట్టి చావడం, బతకడం అనే మాటలు దానికి వర్తించవనీ మొదలుపెట్టాను.

"సరేనండి, ప్రాణం లేనిదాన్నే లేపండి," అన్నారావిడ.

కంప్యూటరు పక్కరేకు విప్పాను. లోపల కంప్యూటరు కనిపించలేదు, పసుపు కుంకుమలు కనిపించాయి. ప్రాసెసరు వేడెక్కకుండా దానిమీద అల్యూమినియం రెక్కల దిమ్మ, ఆ దిమ్మ మీద చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ రెక్కల మధ్య బంతిరేకులు ఎండి అట్టకట్టాయి. ఫ్యాను నడిబొడ్డున కుంకుమబొట్టు, దానిమీద మరో బొట్టు, అలా పొరలు పొరలుగా ఒక చిన్న గుట్ట. అడుగున అగరొత్తుల బూడిద.

దసరాకి ఆయుధపూజ చేసి యంత్రాలకు బొట్టు పెట్టడం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే. అందరూ పైరేకుకి పెట్టి ఊరుకుంటారు. ఇక్కడ ప్రతి శుక్రవారం పక్కరేకు విప్పి మరీ లోపల పెడుతున్నారు. ఎందుకని అడిగాను.

"పైరేకుకి పెడితే ఏం లాభమండి? మనిషికి చొక్కా మీద పెడతామా బొట్టు?"

ఆవిడ ప్రశ్న తప్పించుకోవడానికి ప్రసంగం అందుకున్నాను. యంత్రాన్ని చంపింది అక్షరాలా భక్తే అన్నాను. సుబ్బరాజు గారు మధ్యలో వచ్చి, ఆవిడ సెలవు పెట్టిన శుక్రవారాల్లోనే అది మొరాయించేదని సాక్ష్యం చెప్పారు. ఆయన సాక్ష్యాన్ని కొట్టిపారేశాను గానీ, నిజాయితీగా చెప్పాలంటే నేరం మొత్తం కుంకుమది కాదు. కరెంటును నిలకడగా ఉంచడానికి, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు మీద కెపాసిటర్లనే చిన్న డబ్బాలుంటాయి. వాటి తలలు చదునుగా ఉండాలి, ఇక్కడ పూరీల్లా పొంగి ఉన్నాయి. సగం వయసు వల్ల, సగం ఫ్యాను తిరగక పెరిగిన వేడి వల్ల. మదర్‌బోర్డు మార్చక తప్పదు.

కొత్త కంప్యూటరే కొనొచ్చు కదా అని చదివేవారికి అనిపిస్తుంది. తూకం ప్రోగ్రాము ఎప్పుడో రాయించినది. రాసిచ్చిన కంపెనీ మూతపడింది. దొంగ కాపీలు తీయకుండా వాళ్లొక తాళం పెట్టారు. బొటనవేలంత ప్లగ్గు అది. కంప్యూటరు వెనక పాతకాలం ప్రింటర్ల కోసం ఉండే వెడల్పాటి పోర్టులో దాన్ని గుచ్చితేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది. కొత్త బోర్డుల్లో ఆ పోర్టే లేదు. మా వృత్తిలో అప్‌గ్రేడ్ అంటే కొన్నిసార్లు కొత్తదానికి పోవడం కాదు, ముసలివాటిలో కాస్త వయసు తక్కువదాన్ని వెతకడం. సాయంత్రమంతా రాజమహేంద్రవరంలో సెకండ్‌హ్యాండ్ దుకాణాలు తిరిగి, అదే చిప్‌సెట్, అంటే బోర్డును నడిపే చిప్పుల జాతికి చెందిన తర్వాతి మోడల్ బోర్డు పట్టాను. జాతి ఒకటైతే పాత హార్డ్‌డిస్కు పేచీ పెట్టదు. ర్యామ్ రెట్టింపు చేశాను, పవర్ సప్లై కొత్తది తీసుకున్నాను.

ఆదివారం ఉదయం మళ్లీ గోదాముకు వెళ్లాను. ఆ రోజు మా చర్చావేదికలో మాట్లాడాల్సినది నేనే. అంశం దిష్టి. రాలేనని కబురుపెట్టాను.

అప్పటికే సోమవారం తూకం కోసం ట్రాక్టర్లు వరసకట్టాయి. ఆకాశం మబ్బు పట్టింది. వరసలో మొదటి ట్రాక్టరు చిట్టబ్బాయి గారిది. టార్పాలిన్ ఒక చేత్తో సర్దుకుంటూ, రెండో చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, ఆయన నా పనంతా పర్యవేక్షించారు.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ గోడకే ఉంచి, స్విచ్ ఆపి, కేబినెట్ ఇనుప చట్రాన్ని రెండు చేతులతో తాకి, ఒక క్షణం తల వంచి నిలబడ్డాను. ఒంట్లో చేరే స్టాటిక్ విద్యుత్తు సున్నితమైన చిప్పులను కాల్చేస్తుంది. చట్రం తాకితే అది ప్లగ్ ఎర్తు దారిన నేలలోకి పోతుంది. శిక్షణలో నేర్పిన మొదటి పాఠం ఇది. తల వంచింది స్క్రూలు ఎక్కడున్నాయో చూడ్డానికి.

తలెత్తి చూశాను. వీరవేణి గారి ముఖం వెలిగిపోతోంది.

"మేనేజరు గారూ, చూశారాండి? సారు దణ్ణం పెట్టుకున్నారు."

"నిన్నంతా ఉపన్యాసమిచ్చారు కదండి," అన్నారు సుబ్బరాజు గారు, నా వైపు జాలిగా చూసి. "ఎంతైనా కార్తీకమాసం."

అది దణ్ణం కాదని చెప్పాను. స్టాటిక్ అంటే ఏమిటో, ఎర్తు అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. వీరవేణి గారు శ్రద్ధగా విన్నారు.

"అంటే మనలో ఉన్న చెడు దాన్ని ముట్టుకోగానే భూమిలోకి పోతుందన్నమాట. మేమూ అదేనండి చెప్పేది."

"చెడు కాదండి, చార్జి."

"దాన్ని వదిలించుకోకపోతే బోర్డు పోతుంది?"

"పోవచ్చు."

"అలా పోవడం మీరెప్పుడైనా చూశారాండి?"

అబద్ధం ఆడడం నా సిద్ధాంతానికి విరుద్ధం. చూడలేదన్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, గోదావరి పక్కన గాలిలో ఉండే తేమకి స్టాటిక్ నిలవడం కష్టం. చలిదేశాల్లో ఉన్నంత ప్రమాదం ఇక్కడ లేదు. అయినా ముందుజాగ్రత్తగా చేస్తామన్నాను.

"నేనూ అందుకేనండి బొట్టు పెడతా," అన్నారావిడ.

కిటికీ బయట చిట్టబ్బాయి గారు నవ్వడం వినిపించింది.

పాత బోర్డు తీసి, కేబినెట్ శుభ్రం చేసి, కొత్తది బిగించాను. ప్రాసెసరు మీద వేడిని దిమ్మలోకి లాగే లేపనం రాసి, దిమ్మ, ఫ్యాను పెట్టి, తీగలన్నీ కలిపి స్విచ్ నొక్కాను. ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. నేను ఎవరి ముఖమూ చూడలేదు.

"శుక్రవారం వచ్చేదాకా ఆగుతామాండి?" అని సుబ్బరాజు గారు మెల్లగా అన్నారు. వీరవేణి గారు గుమ్మం వైపు నడిచారు. ఆవిడ బదిలీ గురించి ఆలోచిస్తున్నారని తెలుస్తూనే ఉంది.

ఇలాంటప్పుడు పాటించాల్సిన నియమం ఒకటే. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే యంత్రం లేచినా ఎందుకు లేచిందో తెలియదు. బోర్డును బయటికి తీసి, అట్టపెట్టె మీద పరిచి, స్విచ్ తీగలు గుచ్చే పవర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవరు మొనతో కలిపాను. లేచింది. అంటే బోర్డు మంచిదే, జబ్బు పెట్టెలో ఉంది. బోర్డు ఇనుప రేకుకు తగలకుండా కింద పొట్టి ఇత్తడి కాళ్లు బిగిస్తారు. పాత బోర్డు కోసం బిగించిన కాళ్లలో ఒకదానికి కొత్త బోర్డులో రంధ్రం లేదు. అది నేరుగా బోర్డు వెనక సోల్డరింగ్ చుక్కలకు తగిలి షార్టు చేస్తోంది. దాన్ని విప్పి జేబులో వేసుకున్నాను. బోర్డు మళ్లీ బిగించి స్విచ్ నొక్కాను.

ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. బయోస్ అనే కంప్యూటరు మూల అమరికల్లోకి వెళ్లి తేదీ సరిచేసి, ప్రింటరు పోర్టు తెరిచాను. తూకం ప్రోగ్రాము తాళాన్ని గుర్తుపట్టి లేచి కూర్చుంది.

విజయగర్వంతో వెనక్కి తిరిగితే గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను ఇత్తడి కాలు విప్పుతున్నప్పుడే వీరవేణి గారు కట్టేశారు.

"కట్టగానే లేచిందండి," అన్నారు సుబ్బరాజు గారు.

ఒకసారికి ఒక్క మార్పు అన్న నా నియమాన్ని నా వెనకే ఛిన్నాభిన్నం చేశారు. నిమ్మకాయ లేనప్పుడే అట్టపెట్టె మీద లేచిందని గుర్తుచేశాను.

"అది బయటండి," అన్నారు వీరవేణి గారు. "దిష్టి తగిలేది గదిలో కదండి."

ఇలాంటి చోట వదిలేసే స్వభావం నాది కాదు. జేబులోంచి ఇత్తడి కాలు తీసి చూపించి, దీన్ని మళ్లీ బిగిస్తాను, నిమ్మకాయ అలాగే ఉండనివ్వండి, లేస్తుందో లేదో అందరం చూద్దాం అన్నాను. అందులో ప్రమాదం ఉందని నాకు తెలుసు. షార్టుకి ఈసారి బోర్డు కాలిపోతే ఇంకొకటి దొరకదు. అయినా స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను.

వీరవేణి గారు వచ్చి కేబినెట్ మీద అరచెయ్యి ఆనించి అడ్డంగా నిలబడ్డారు.

"కాలు వల్లే ఆగిందని మీకు తెలుసు కదండి?"

"తెలుసు."

"మరి ఎవరికండి ఋజువు? నాకా? నాకు ఋజువొద్దండి, ఉద్యోగం కావాలి."

"ఇంజనీరు గారూ," అన్నారు కిటికీలోంచి చిట్టబ్బాయి గారు, "మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు పర్లేదండి. వాన గెలవకుండా చూడండి."

స్క్రూడ్రైవరు సంచిలో పెట్టాను. ఎన్నో వేదికల మీద వాదించినవాణ్ణి. నా పక్షం నూటికి నూరుపాళ్లు సరైనదై ఉండి కూడా నేను కూర్చుండిపోయిన సందర్భం అదొక్కటే. సుబ్బరాజు గారు సోమవారం దాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే చిట్టబ్బాయి గారి ట్రాక్టరును కాటా ఎక్కించి మొదటి చీటీ తీయించారు. ఆఖరి ట్రాక్టరు షెడ్డులోకి వెళ్లాకే చినుకులు పడ్డాయి. దానికి కూడా నిమ్మకాయకే మార్కులు పడ్డాయని తర్వాత తెలిసింది.

వెళ్లేముందు వీరవేణి గారితో ఒప్పందం చేసుకున్నాను. బొట్టు ఇకనుంచి పైరేకుకే. నెలకోసారి పక్కరేకు విప్పి, చిన్న బ్లోయరుతో దుమ్ము ఊదాలి. ఊదేముందు చట్రం తాకాలి. ఆవిడ ఒప్పుకున్నారు. చొక్కా మీద బొట్టు ఎందుకని ఇంకొకసారి అడిగి మరీ ఒప్పుకున్నారు.

మరుసటి ఖరీఫ్‌కి తనిఖీకి వెళ్లాను. తూకాలు మళ్లించే మాట హెడ్డాఫీసు ఎత్తడం మానేసింది. ఆవిడ పోస్టు ఆవిడకే ఉంది. పైగా వేరే గోదాము నుంచి వచ్చిన ఆపరేటరుకు పని నేర్పుతున్నారు. ఆయన చెప్పులు బయట విప్పి, ప్లగ్ చూసి, స్విచ్ ఆపి, కేబినెట్‌ను రెండు చేతులతో తాకి, తల వంచి, చేతులు కళ్లకద్దుకున్నాడు. తర్వాత రేకు విప్పాడు. లోపల అద్దంలా ఉంది. పసుపు లేదు, కుంకుమ లేదు, ఒక్క బంతిరేకు లేదు.

చెప్పులు విప్పమని నేను చెప్పలేదే అన్నాను.

"దుమ్ము వద్దన్నారు కదండి," అన్నారు వీరవేణి గారు.

"తల వంచడం?"

"మీరు వంచారు కదండి."

"కళ్లకద్దుకోవడం?"

"అదొక్కటి నాదండి."

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో ఎక్కడ ఏ కేబినెట్ తెరిచినా, చట్రం తాకుతూ "ఇది దణ్ణం కాదు, స్టాటిక్" అని అందరికీ వినబడేలా చెప్పేవాణ్ణి. రిటైరయ్యే ముందు ఆఖరి తనిఖీల్లో రెండు గోదాముల్లో చూశాను. ఆపరేటర్లు రెండు చేతులూ కేబినెట్‌కి ఆనించి, కళ్లు మూసుకుని, "ఇది దణ్ణం కాదు" అని మూడుసార్లు అనుకుని రేకు విప్పుతున్నారు.

ఆ రెండు చోట్లా యంత్రాలు బాగానే పనిచేస్తున్నాయి. ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. ఆచారం పుట్టడానికి పురోహితుడు అక్కర్లేదు. కారణం చెప్పకముందే పని మొదలుపెట్టే ఇంజనీరు ఒక్కడు చాలు.